సింగారలంక కారు ఎడమకెందుకు ఒరిగింది

సింగారలంక పురపాలక సంఘానికి ఉన్న ఆస్తులన్నింటిలోనూ జనం మెచ్చుకునేది ఒక్కటే. అది టౌన్ హాలు పోర్టికోలో నిలబెట్టి, పండగలకూ ఊరేగింపులకూ మాత్రం వీధుల్లోకి తీసే పాత కారు. ఎప్పటి జమీందారో సీమ నుంచి ఓడ మీద తెప్పించుకుని, కొన్నేళ్లు సరదా తీరా తిరిగి, పోయేముందు ఊరికి ఇచ్చేసి పోయాడు. ముదురు కుంకుమరంగు ఒళ్లు, ఏనుగు చెవుల్లాంటి మడ్‌గార్డులు, కప్పకళ్ల దీపాలు. కొత్త పెళ్లికూతుళ్లు దాని పక్కన నిలబడి ఫొటోలు తీయించుకునేవారు. మునిసిపాలిటీ మీద ఎంత కోపం ఉన్నవాడైనా ఆ కారు దగ్గరికి వచ్చేసరికి కాస్త మెత్తబడేవాడు.

ఆ కారు ఒక ఎండాకాలంలో ఎడమవైపుకు ఒరిగింది. ముందు ఎడమచక్రం మీద మడ్‌గార్డు బాగా కిందికి దిగిపోయి, పక్కింటివాళ్ల గొడవ వినడానికి గోడకు చెవి ఆనించిన మనిషిలా కనబడసాగింది.

ఇంకో కాలంలోనైతే ఎవరో ఒక మెకానిక్కుని పిలిచి బాగుచేయించేవారు. కానీ అప్పటికి పదిహేను రోజుల ముందే కమిషనర్ మకరందరావు కొండమీది రిసార్టులో శిక్షణ పొంది తిరిగొచ్చాడు. అక్కడ ఆయనకు 'మూలకారణ అన్వేషణ' అనే విద్య నేర్పారు. ఏదైనా చెడిపోతే మూర్ఖుడు బాగుచేస్తాడు, జ్ఞాని 'ఎందుకు?' అని అడుగుతాడు. ఒకసారి కాదు, వరసగా ఐదుసార్లు. ఐదో ఎందుకుకి వచ్చే జవాబే మూలకారణం. అది దొరికేదాకా చెడినదాన్ని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే సాక్ష్యం చెరిగిపోతుంది.

మకరందరావు ఈ విద్యను కొండ మీదే వదిలేసి రాలేదు. ఆయన సంతకంతో ఆఫీసులో సర్క్యులర్ తిరిగింది. నాలుగో వార్డులో కుళాయి పైపు పగిలి నీళ్లు వీధిలోకి పోతుంటే ఆడవాళ్లు బిందెలతో వచ్చి అడిగారు. "మీ పైపు రెండో ఎందుకు దగ్గరుందమ్మా, ఓపిక పట్టండి" అని చెప్పి పంపేశారు. శ్మశానం దారిలో దీపాలు ఆరిపోతే, మూడో ఎందుకు దగ్గర కరెంటు వాళ్లకూ మునిసిపాలిటీకీ అభిప్రాయభేదం వచ్చి, ఆ పక్కంతా చీకట్లోనే ఉండిపోయింది. ఊరి గురించి రాష్ట్ర రాజధానిలో మంచిగా చెప్పుకుంటున్నారని మకరందరావు అందరికీ చెప్పేవాడు.

కారు సంగతి చూడమని అసిస్టెంట్ ఇంజనీరు దెందుకూరి విశ్వంభరానికి పురమాయించారు.

విశ్వంభరం నిండైన విగ్రహం. ఆయన కూర్చుంటే కింద కుర్చీ ఉందన్న సంగతి కుర్చీకి తప్ప ఇంకెవరికీ తెలిసేది కాదు. ఒంట్లో చక్కెర చేరిందనీ, బరువు తగ్గకపోతే గుండె మాట తాను చెప్పలేననీ డాక్టర్ హెచ్చరించినప్పటి నుంచి, భార్య రత్నమాల ఆయనకు తెల్లారగానే రాగిజావ పట్టి, కాలవగట్టు మీదికి నడకకు తరిమేది. ఆయన గొణుక్కుంటూనే తాగేవాడు, గొణుక్కుంటూనే నడిచేవాడు. లోలోపల మాత్రం నడుం పట్టీ ఒక బెజ్జం లోపలికి జరిగినందుకు గర్వంగానే ఉండేది.

కారు పని ఆయనకు పండగలా అనిపించింది. డ్రైవరు గనిశెట్టి సత్తిపండుని వెంటబెట్టుకుని ఉదయమే మొదలుపెట్టాడు. ముందు చక్రాల్లో గాలి చూశాడు. నాలుగింటిలోనూ సరిగానే ఉంది. నేలే ఏటవాలుగా ఉందేమోనని నీళ్లట్యాంకు కింది గచ్చు మీదికి తీసుకెళ్లి నిలబెట్టించాడు. చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డు అంచుదాకా టేపుతో రెండువైపులా కొలిచాడు. తర్వాత కారుని వెనక్కి తిప్పి అదే చోట నిలబెట్టించి మళ్లీ కొలిచాడు. ఎటు తిప్పినా వాలు కారుతోపాటే తిరిగింది. అంటే తప్పు నేలది కాదు, కారుదే. ఆఖరున గోనెసంచి పరుచుకుని, ఆయాసపడుతూ కారు కిందికి దూరాడు. బండి బరువు మోసే కమాను పట్టీలు - ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు - ఎడమవైపు రెండు విరిగి, మూడోది బీటవారి ఉంది.

"దొరికిందయ్యా సత్తిపండూ!" అన్నాడు, కింద నుంచే.

"ఏంటండీ బాబూ, పామా?" అన్నాడు సత్తిపండు వెనక్కి గెంతుతూ.

సత్తిపండు ఎముకలగూడు లాంటి మనిషి. ఉద్యోగంలో చేరిన రోజున కుట్టించుకున్న ఖాకీ చొక్కానే ఇప్పటికీ వదులుగా వేసుకుంటాడు. ఇంకో రెండు నెలల్లో రిటైరవుతాడు. పింఛను వస్తే గేదెను కొనుక్కోవాలని ఆయనకు ఆశ.

మధ్యాహ్నానికి విశ్వంభరం కమిషనర్ గదిలో ఉన్నాడు. "సార్, కమాను పట్టీలు విరిగాయి. కొలిమిలో కొత్తవి సాగదీయించి వేస్తే రేపు సాయంత్రానికి కారు నిటారుగా నిలబడుతుంది."

మకరందరావు ఆయన వంక జాలిగా చూశాడు. "విశ్వంభరం గారూ, మీరు ఒక ఎందుకు దగ్గరే ఆగిపోయారు. ఇది లక్షణం. నాకు కావలసింది వ్యాధి."

"నా డబ్బుతోనే వేయిస్తానండి."

"సాక్ష్యాన్ని తారుమారు చేయడానికి సొంత డబ్బు ఖర్చుపెట్టే ఉద్యోగిని నేనింతవరకు చూడలేదు" అన్నాడు మకరందరావు, గంట కొడుతూ.

అన్వేషణ సభ కౌన్సిల్ హాల్లో జరిగింది. చైర్‌పర్సన్ కుసుమకుమారి మధ్య కుర్చీలో కూర్చుంది. ఆమె పక్కన, ఏ పదవీ లేకపోయినా అన్ని పదవుల పనీ తానే చూసుకునే ఆమె భర్త బుల్లెబ్బాయి కూర్చున్నాడు. ఆమెకు ఇచ్చిన మైకు ఆయన ముందు ఉంది.

"వాహనము ఎడమ పార్శ్వమునకు అవనతి చెందుట ఎందుకు?" అని మకరందరావు గంభీరంగా మొదలుపెట్టాడు.

"కమాను పట్టీలు విరిగినందుకు" అన్నాడు విశ్వంభరం.

"అవి విరుగుట ఎందుకు?"

"గుంటలో పడినందుకు."

"గుంట ఉండుట ఎందుకు?"

"మార్కెట్ వీధి రోడ్డు వేసిన నెలకే లేచిపోయినందుకు."

"లేచిపోవుట ఎందుకు?"

"కంకర మీద తారు సరిగా పోయనందుకు."

మకరందరావుకు ఉత్సాహం పట్టలేనిదయింది. ఇంత చకచకా నడిచిన అన్వేషణ రిసార్టులో కూడా చూడలేదు. "ఐదవది! సరిగా పోయకపోవుట ఎందుకు?"

విశ్వంభరం నోరు తెరిచాడు. ఆ రోడ్డు వేసిన కాంట్రాక్టరు బుల్లెబ్బాయికి స్వయానా బావమరిది. కుసుమకుమారి తన తమ్ముడి పేరు ఎవరైనా అంటారేమోనన్నట్టు తలెత్తి చూసింది.

బుల్లెబ్బాయి మైకు దగ్గరికి జరుపుకున్నాడు. "కమిషనర్ గారూ, ఈ ఎందుకులు ఎటో పోతన్నాయండి. కారు గురించి మొదలెట్టి రోడ్డు మీద పడ్డాం. రేపు రోడ్డు మీంచి ఇళ్ల మీద పడతాం. ఇదేం పద్ధతండి?"

మకరందరావు ఒక్క క్షణం కళ్లు మూసుకుని తెరిచాడు. శిక్షణ ఊరికే పోదు. "సభ్యులు గమనించగోరతాను. అన్వేషణ వాహనమును విడిచి బయటకు పోయినది. ఇది క్రమశిక్షణ లేని ఎందుకుల పరంపర. దీనిని రద్దుపరచి, వాహనము లోపలే ఉంటూ మరల ప్రారంభిద్దాము."

మళ్లీ ప్రారంభించారు. ఎడమవైపు దిగింది అనడం కన్నా కుడివైపు లేచింది అనడం శాస్త్రీయమని బుల్లెబ్బాయి సూచించాడు. అందరూ ఒప్పుకున్నారు. కుడివైపు లేచుట ఎందుకు? అటు బరువు చాలనందుకు. అటు చాలకపోవుట ఎందుకు? అక్కడ కూర్చునేది డ్రైవరు. డ్రైవరు బరువు చాలకపోవుట ఎందుకు? బక్కచిక్కి ఉన్నందుకు. బక్కచిక్కుట ఎందుకు? తినవలసినంత తిననందుకు. తినకపోవుట ఎందుకు? సంస్థ ఆస్తి పట్ల బాధ్యత లేనందుకు.

చప్పట్లు మోగాయి. ముప్పై ఏళ్లకు పైబడి ఆ కారుకి చిన్న గీత కూడా పడకుండా నడిపిన సత్తిపండు, గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, అందరితోపాటు తానూ చప్పట్లు కొట్టాడు. ఎవరిని గురించో ఆయనకు అప్పటికి అర్థం కాలేదు.

మర్నాటి నుంచి సత్తిపండుకు 'భారవృద్ధి కార్యక్రమం' మొదలైంది. పొద్దున్నే ఇడ్లీలు, పదిగంటలకు అరటిపళ్లు, మధ్యాహ్నం రెండు కూరలతో భోజనం, సాయంత్రం పూతరేకులు. ప్రతి సోమవారం చెత్త తూకం వేసే కాటా మీద ఆరోగ్యాధికారి సమక్షంలో ఆయన్ని నిలబెట్టేవారు. మొదటివారం సత్తిపండు మురిసిపోయాడు.

"ఎలా ఉందయ్యా?" అని విశ్వంభరం అడిగాడు.

"ఆయ్, తింటన్నానండి బాబూ. మా పెళ్లప్పుడు కూడా ఇంతలా పెట్టలేదండి మా అత్తోరు."

రెండోవారానికి ఆ ముఖంలో కళ పోయింది. మూడోవారం కడుపు చెడి సత్తిపండు పగలంతా ఆఫీసు వెనక దొడ్డిలోనే గడిపాడు. కాటా ముల్లు పైకి పోవడానికి బదులు కిందికి దిగింది. వెంటనే ఆయనకు ఛార్జ్ మెమో అందింది. 'సంస్థ వ్యయముతో భోజనము స్వీకరించియు, ఉద్దేశపూర్వక కృశత్వమునకు పాల్పడినందుకు మిమ్మును సర్వీసు నుండి ఏల తొలగించరాదో' చెప్పమన్నారు. తొలగిస్తే పింఛను లేదు.

సత్తిపండు భార్య మంగ విశ్వంభరం ఇంటికి వచ్చి అరుగు మీద కూలబడింది. "మావోడి ఒంటికి ఏదీ పట్టదండి అయ్యగారూ. ఆళ్ల నాన్నా అంతే, ఆళ్ల తాతా అంతే. సన్నంగా ఉండటం కూడా నేరవేనా అండి?"

లోపలి నుంచి వచ్చిన రత్నమాల ఆమెకు మంచినీళ్లు ఇచ్చింది. విశ్వంభరం నేల చూశాడు. ఆ సభలో ఐదో ఎందుకు దగ్గర తాను నోరు తెరిచి మళ్లీ మూసుకున్న సంగతి ఆయనకు గుర్తుంది.

విచారణ టౌన్ హాలు పోర్టికోలోనే, కారు ఎదురుగా పెట్టారు. మకరందరావు, బుల్లెబ్బాయి, ఆరోగ్యాధికారి కుర్చీల్లో కూర్చున్నారు. సత్తిపండుని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టారు. కారు ఎడమకు ఒరిగే ఉంది. దింపారు. కారు ఒరిగే ఉంది.

"చూచితిరా! ఇతడున్ననూ లేకున్ననూ ఒక్కటే" అన్నాడు మకరందరావు. "అభియోగము రుజువైనది."

విశ్వంభరానికి ఒళ్లు మండిపోయింది. ఆయన ఎవరి అనుమతీ అడక్కుండా కుడివైపు తలుపు లాగి, డ్రైవరు సీట్లో దబ్బున కూర్చున్నాడు. ఎక్కడో కిర్రుమంది. కుడివైపు మెల్లగా కిందికి దిగింది. రెండు మడ్‌గార్డులూ ఒక్క ఎత్తుకు వచ్చాయి.

"కనబడిందా అండీ?" అని లోపల నుంచే అరిచాడు. "బండరాయి పెట్టినా ఇలాగే దిగుతుంది! రెండోవైపు కూడా పాడుచేసి, రెండూ సమంగా పాడయ్యాయని సంబరపడితే ఎలా? పట్టీలు మార్చండి, ఆ ముసలాయన్ని వదిలేయండి!"

తన మాట తగిలిందని విశ్వంభరం అనుకున్నాడు. మకరందరావు కుర్చీలోంచి లేచి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా విశ్వంభరం చేయి పట్టుకున్నాడు.

"విశ్వంభరం గారూ, పరిష్కారము మన మధ్యనే, మన ఆఫీసులోనే, ఇన్నాళ్లూ జీతము తీసుకుంటూ కూర్చుని ఉన్నది!"

సత్తిపండు మీద కేసు ఆ పూటే ఎత్తేశారు. ఆయన వచ్చి కాళ్లకు దణ్ణం పెట్టబోతే విశ్వంభరం ఆపాడు. కేసు మళ్లీ తెరుస్తారన్న భయంతో ఇంక విశ్వంభరం ఒక్క మాటా ఎదురుచెప్పలేకపోయాడు. వారం తిరక్కుండా ఉత్తర్వులు వచ్చాయి. విశ్వంభరాన్ని ఇంజనీరింగు విధుల నుంచి తప్పించి 'భార సమతుల్యాధికారి'గా నియమించారు. ఊరి వందేళ్ల పండగ ఊరేగింపులో కారు నడపవలసింది ఆయనే. అడుగున ఇంకో వాక్యం ఉంది. 'సదరు అధికారి తన దేహభారమును సంస్థ ఆస్తిగా భావించి, ముందస్తు అనుమతి లేనిదే తగ్గించుకొనరాదు.'

రత్నమాల అది రెండుసార్లు చదివింది. "ఏవండీ, ఈ ఒళ్లు మీదా, మునిసిపాలిటీదా?"

"ప్రస్తుతానికి వాళ్లదే" అన్నాడు విశ్వంభరం.

"అయితే దానికొచ్చిన చక్కెర ఎవరిదట? గుండె ఆగితే ఎవరొచ్చి ఏడుస్తారట?" అని ఆమె కాగితాన్ని ఆయన ఒళ్లోకి విసిరి వంటింట్లోకి వెళ్లిపోయింది.

కాలవగట్టు నడక మాన్పించడానికి పొద్దున్నే ఒక అటెండరు వచ్చి వీధిగుమ్మం దగ్గర కూర్చునేవాడు. పదింటికి పులిహోర, నాలుగింటికి ఉప్మా పెసరట్టు ఆయన బల్ల మీదికి వచ్చేవి. సోమవారం కాటా మీద ఇప్పుడు ఆయన నిలబడాల్సి వచ్చేది. నడుం పట్టీ పాత బెజ్జానికి తిరిగి, దాన్నీ దాటి పోయింది. మెట్లెక్కితే ఛాతీలో సన్నటి నొప్పి. పక్క మునిసిపాలిటీల అధికారులు బస్సుల్లో వచ్చి ఆయన్ని చూసి వెళ్లేవారు. ఒకాయన ఆయన భుజం తట్టి, "మా ఊళ్లో కూడా ఇలాంటివారు ఒకరున్నారండి, కానీ మేం గుర్తించలేకపోయాం" అని బాధపడ్డాడు.

పండగరోజు రానే వచ్చింది. కారుకి బంతిపూల దండలు కట్టారు. విశ్వంభరం డ్రైవరు సీట్లో కూర్చోగానే కారు త్రాసులా సమంగా నిలిచింది. ఫొటోగ్రాఫర్లు ఎగబడ్డారు. ఆయన పక్కన బుల్లెబ్బాయి, వెనక మకరందరావు, కుసుమకుమారి ఎక్కారు. ఎక్కిన తర్వాత కారు నాలుగువైపులా సమంగానే కుంగింది. అడుగుభాగం నేలకు జానెడు ఎత్తులో ఉంది.

"కాలవరోడ్డున పోదామండి. మార్కెట్ వీధిలోకి వెళ్తే ఉన్న ఆ ఒక్క పట్టీ కూడా పోతుంది" అన్నాడు విశ్వంభరం.

"మార్కెట్ వీధినే పోవాలండి" అన్నాడు బుల్లెబ్బాయి. "మా బావమరిది ఏసిన రోడ్డు జనం చూడొద్దా?"

మార్కెట్ వీధిలో చేపల కొట్ల ఎదుట జనం కిక్కిరిసి ఉన్నారు. ముందు బ్యాండుమేళం, వెనక స్కూలు పిల్లలు. ఉల్లిపాయల మండీ దగ్గర విశ్వంభరం ఎంత తప్పించినా ఎడమచక్రం గుంటలోకి దిగింది. టపాకాయ పేలినట్టు పెద్ద చప్పుడైంది. బ్యాండువాళ్లు అది తమ వాద్యమే అనుకుని ఇంకా గట్టిగా వాయించారు. కారు ఎడమవైపు మొత్తంగా చక్రం మీద కూలబడింది. మడ్‌గార్డు టైరుని కరిచి పట్టుకుంది. బుల్లెబ్బాయి తలుపుకీ సీటుకీ మధ్య ఇరుక్కుపోతే నలుగురు పట్టి లాగారు.

మకరందరావు బయటికి గెంతి రెండు చేతులూ చాచాడు. "ఎవ్వరూ ఏదీ ముట్టుకోరాదు! విశ్వంభరం గారూ, మీరు దిగరాదు. మీరు దిగితే స్థితి మారిపోతుంది!"

మండీవాళ్ల దగ్గర బల్లలు తెప్పించి, ఉల్లిపాయల బస్తాల నీడలో, నడివీధిలోనే అన్వేషణ సభ మొదలుపెట్టారు. విశ్వంభరం ఎండలో, కాలిపోతున్న ఇనుపడబ్బాలో స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. సత్తిపండు ఎక్కడి నుంచో ముంతెడు మజ్జిగ తెచ్చి కిటికీలోంచి అందించాడు.

అప్పుడు కుసుమకుమారి గుంట దగ్గరికి నడిచి వెళ్లింది. వంగి, చేత్తో అంచు పట్టుకుని లాగింది. తారుపెళ్ల అప్పచ్చిలా ఊడి చేతిలోకి వచ్చింది. ఆమె దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇది మా తమ్ముడు వేసిన రోడ్డు" అంది. గొంతు చిన్నదే అయినా అందరికీ వినబడింది. "ఇందులో తారు లేదు. మసి ఉంది."

రాసుకుంటున్న గుమాస్తా కలం పైకెత్తి పట్టుకున్నాడు.

"ఎండకి మేడమ్‌కి కళ్లు తిరిగినట్టున్నాయండి" అన్నాడు బుల్లెబ్బాయి. "ఏవే, నువ్వు ఇంటికెళ్లి పడుకో." ఆటో పిలిపించి ఆమెను ఎక్కించాడు. తారుపెళ్లను ఎవరో కాలితో బల్ల కిందికి నెట్టారు.

గంటసేపట్లో తీర్మానం తయారైంది. వాహనము సుస్థిరము, నేలయే ఎడమవైపు నిమ్నముగా ఉన్నది. కనుక నేలను పైకి తేవలెను. ఎడమచక్రాల కింద జాకీలు పెట్టి లేపి, సిమెంటు దిమ్మె కట్టి, కారును శాశ్వతముగా సమతలము చేయవలెను. పని అత్యవసరము కాబట్టి టెండరు అక్కర్లేదు. బుల్లెబ్బాయి బావమరిది సిమెంటు కలిపే యంత్రంతో సహా అప్పటికే వీధి చివర నిలబడి ఉన్నాడు.

సిమెంటు పడటం మొదలైంది. మొదటి తట్ట చక్రం చుట్టూ పోస్తుండగా విశ్వంభరం తలుపు తెరిచి, ఒక కాలు, తర్వాత రెండోది నేలమీద పెట్టి, నడుం పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఎక్కడికి?" అని మకరందరావు కేక వేశాడు. "మీరు భార విధుల్లో ఉన్నారు!"

"ఇంటికండి."

"ఉద్యోగము పోతుంది!"

"పోనివ్వండి. ఇంజనీరు ఉద్యోగం ఎప్పుడో పోయింది. ఇప్పుడు పోయేది ఇసుకబస్తా ఉద్యోగం" అని, రత్నమాల ఏమంటుందోనన్న ఆలోచన కూడా లేకుండా, చేపలకొట్ల మధ్యనుంచి దారి చేసుకుంటూ నడిచాడు. మజ్జిగ ముంత చేత్తో పట్టుకుని సత్తిపండు ఆయన వెనకే నడిచాడు. జనం ఇద్దరికీ దారి ఇచ్చారు. ఎవరో నవ్వారు, కానీ ఆయన్ని చూసి కాదు.

'భారము విడిచి పారిపోవుట' అన్న నేరానికి విశ్వంభరానికి రెండు ఇంక్రిమెంట్లు కోసి, మన్యంలో ఒక మంచినీళ్ల పథకానికి మార్చారు. అక్కడ కొండ ఎక్కితేగానీ ట్యాంకు దగ్గరికి పోలేరు. రత్నమాల ఆ ఉత్తర్వు దేవుడి పటం ముందు పెట్టి దణ్ణం పెట్టుకుంది. సత్తిపండు పింఛను తీసుకున్నాడు, గేదెను కొన్నాడు. మకరందరావుకు పదోన్నతి ఇచ్చి, కొండమీది రిసార్టులో మిగతా కమిషనర్లకు పాఠాలు చెప్పమన్నారు.

కారు ఇప్పటికీ మార్కెట్ వీధి మధ్యలోనే ఉంది. సిమెంటు దిమ్మె మీద, చుట్టూ ఇనుప కంచెతో, వెంట్రుకవాసి వాలు లేకుండా సమంగా ఉంది. బస్సులు పక్కసందులోంచి పోతాయి. చూడ్డానికి వచ్చినవాళ్లు మెడలు చాచి మెచ్చుకుంటూ ఉంటే, మండీలో కూర్చున్నవాళ్లు మాత్రం గట్టిగా అరిచి చెబుతుంటారు.

"కిందచూసి నడవండి బాబూ, గుంటలున్నాయి!"